చీము పట్టని బొడ్డు

నర్సు సవ్రీగుల్ చెయ్యి పడ్డ బొడ్డు చీము పట్టదని జరఫ్‌షాన్ నది ఎగువన ఏడు ఊళ్ళలోనూ పేరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఊళ్ళలో ఏ బిడ్డ నేలన పడినా బొడ్డు కోసి ముడి వేసేది ఆవిడే. ఆ తర్వాత బొడ్డు రాలేదాకా రోజూ పోయి చీము పట్టకుండా ఆకుపచ్చ మందు పూసి వచ్చేదీ ఆవిడే. ఆ మందు రంగు ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ ఎంత పట్టిపోయిందంటే, పెళ్ళిళ్ళలో అందరితో పాటు ఒకే పళ్ళెంలో పలావు తినేటప్పుడు ఏ చెయ్యి ఆవిడదో వేరే చెప్పక్కర్లేదు.

చెయ్యి ఎంత శుభ్రమో నోరు అంత దురుసు. చేతులు కడుక్కోకుండా బాలింత గదిలోకి తల పెట్టిన వాళ్ళు ఎంతటి పెద్దలైనా సరే, గడప దగ్గరే నిలబెట్టి దులిపేసేది. తన చేతుల్లో పుట్టిన ప్రతి మనిషి బొడ్డు ఏ రోజున రాలిందో ఆవిడకు గుర్తు. మీసాలు దువ్వుకుంటూ ఎదురు చెప్పబోయిన మొగవాడితో, “నీ బొడ్డు తొమ్మిదో రోజున నా అరచేతిలోకి రాలింది, నువ్వా నాకు చెప్పేది?” అనేది. ఆ మాటతో ఎంతటివాడైనా నోరు మూసుకోవలసిందే.

అంతటి సవ్రీగుల్ సొంత మనవడికి ఇరవై తొమ్మిదో రోజు వచ్చినా బొడ్డు రాలలేదు.

మనవడంటే కూతురు నిసో కొడుకు. నిసోను ఆవిడ తన అన్న కొడుకు షోదీకే ఇచ్చింది. మేనరికం. ఆ లోయలో అది వింత కాదు, సవ్రీగుల్ కూడా తన మేనమామ కొడుకునే చేసుకుంది. భర్త ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు. పరాయి ఊరికి పంపితే ఏడాదికి రెండుసార్లు కూడా కనిపించదని, నాలుగిళ్ళ అవతలున్న తన పుట్టింటికే కోడలిగా పంపింది. షోదీ తల్లి, తన వదిన ఓయ్‌దీన్ అడగ్గానే రెండో ఆలోచన లేకుండా ఒప్పుకుంది. తన జీవితంలో చేసిన తెలివైన పని అదొక్కటేనని అందరితోనూ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

బిడ్డ పుట్టాక నలభై రోజులు చిల్ల. ఆ నలభై రోజులూ తల్లీబిడ్డా గడప దాటకూడదు. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు, ఇంకో పురిటింటికి వెళ్ళొచ్చినవాళ్ళు ఆ గదిలో అడుగు పెట్టకూడదు. నర్సుకు మాత్రం మినహాయింపు ఉంది, అదీ మొహం చిట్లించుకునే ఇస్తారు. ఓయ్‌దీన్ ఇంట్లో ఈ పట్టింపులు మరీ ఎక్కువ. కిటికీకి ఉన్ని దుప్పటి బిగించింది. పట్టపగలు కూడా దీపం. దిష్టి తగలకుండా దిండు కింద కత్తీ రొట్టే. పొయ్యి ఎప్పుడూ మండుతూనే ఉండేది. లోపలికి వెళ్ళిన సవ్రీగుల్‌కు ఊపిరాడేది కాదు. మార్చి నెల వచ్చి, బయట మంచు కరిగి వాగులు పారుతుంటే, నిసో నాలుగు వారాలుగా ఎండ మొహం చూడలేదు.

గది మూలన కొత్త తొట్టె ఖాళీగా ఉండేది. బొడ్డు రాలితే తప్ప బిడ్డను తొట్టెలో పడుకోబెట్టి గుడ్డపట్టీలతో కట్టరు. కట్టిన రోజు ఆడవాళ్ళందరికీ విందు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పేరు పెట్టేదీ ఆ రోజే. అందుకని నెల కావస్తున్నా వాడింకా ఉత్త బాబే.

“చూడండర్రా, ఇన్నాళ్ళయినా ఒక్క చుక్క చీము లేదు. అమ్మమ్మ చేతి మహిమ!” అని చూడవచ్చిన ముసలమ్మలు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు.

సవ్రీగుల్ నవ్వేది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. దూది అద్దితే దూది తెల్లగానే వచ్చేది. కాడ ఎండి నల్లబడి కట్టెపుల్లలా అతుక్కుని ఉంది. దాని మొదట్లో చర్మం మాత్రం ఎర్రగా, గట్టిగా, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉంది. అంత ఎరుపు ఉన్నచోట చీము పట్టి తీరాలి. పట్టలేదు. చీమును చూస్తేనే చిరాకుపడే మనిషి రోజూ పొద్దున్నే దూదిని వెలుతురుకు పెట్టి చీము కోసం వెతికేది. అలా వెతకడం ఆవిడకు ఇది మూడోసారి.

ఆ మొదటి రెండుసార్ల సంగతి ఎవరికీ తెలియదు.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఆవిడకు మొదటి కొడుకు ఫర్రుఖ్ పుట్టాడు. ఇరవై నాలుగు రోజులైనా బొడ్డు రాలలేదు. “ఊరందరి బొడ్లూ రాల్చే నర్సమ్మకు సొంత కొడుకు బొడ్డు మొండికేసిందా!” అని అత్తగారు చుట్టాల ముందు దెప్పింది. సవ్రీగుల్‌కు తల కొట్టేసినట్టయింది. మర్నాడు అందరినీ బయటికి పంపి, మరగబెట్టిన కత్తెరతో కాడను తనే కత్తిరించింది. దాన్ని గుడ్డలో చుట్టి, రాలిందని అందరికీ చూపించింది. మూడో రోజున జ్వరం వచ్చింది. చిల్ల ముగిసిన మర్నాడు పిల్లాడు పోయాడు. చిల్లలో ఉండి కూడా పక్కింట్లో పురుడు పోయడానికి వెళ్ళింది కదా, ఆ దోషమే తగిలిందన్నారు ఊళ్ళోవాళ్ళు. అవునని తల ఊపింది. అసలు సంగతి చెప్పడం కంటే ఆ నింద మొయ్యడమే తేలికనిపించింది.

రెండోవాడికి ఇస్తాద్ అని పేరు పెట్టారు. బిడ్డలు దక్కని ఇళ్ళలో అలాంటి పేరు పెడతారు, నిలిచినవాడని అర్థం. వాడి బొడ్డు ముప్పై నాలుగో రోజున దానంతటదే రాలింది. ఆవిడ కత్తెర జోలికి పోలేదు. అయినా వాడు అయిదు నెలలే బతికాడు. చెవి మీద పడ్డ గోటి గీత కూడా మానలేదు. చీమూ పట్టలేదు, చెక్కూ కట్టలేదు, వెడల్పవుతూ పోయింది. పెద్దవాడిని కత్తెరతో చంపిన పాపమే చిన్నవాణ్ణి కూడా తీసుకుపోయిందని సవ్రీగుల్ అనుకుంది. నర్సు చదువు చదివి కూడా అలాగే అనుకుంది. దుఃఖంలో ఉన్న మనిషికి చదువు ఏ మూల అక్కరకొస్తుంది? నిసో పుట్టి, ఎనిమిదో రోజున బొడ్డు రాల్చుకున్నప్పుడు ఆవిడ పెరట్లోకి వెళ్ళి ఒంటరిగా ఏడ్చింది. ఆ తర్వాత ఎవరు అడిగినా తనకు ఒక్కతే కూతురని చెప్పేది. పోయిన పసివాళ్ళ ఊసు తల్లీకూతుళ్ళ ముందు ఊళ్ళోవాళ్ళూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇరవై తొమ్మిదో రోజు గురువారం. శుక్రవారం తొట్టె పండుగ పెట్టాలని ఓయ్‌దీన్ ముహూర్తం ఖాయం చేసేసింది. పొద్దున్నే సవ్రీగుల్ వెళ్ళేసరికి పెరట్లో గొర్రెను కోస్తున్నారు. గదిలో ఓయ్‌దీన్ ఓ గిన్నె పట్టుకుని ఎదురుచూస్తోంది. గిన్నెలో కత్తెర.

“ఇదుగో సవ్రీ, పది నిమిషాలు మరగబెట్టా. నువ్వు ఊరందరికీ చెప్పే లెక్కే. టక్కున కత్తిరించెయ్, పీడా పోద్ది.”

“దానంతటది రాలనీ వదినా.”

“ఎప్పుడు రాలుద్ది? వీడి పెళ్ళికా? రేపు నలభైమంది ఆడాళ్ళొస్తున్నారు. బొడ్డు వేలాడే పిల్లాణ్ణి తొట్టెలో ఎట్టా కట్టను? నర్సమ్మ మనవడికే బొడ్డు రాల్లేదంట అని రేపు వాగు కాడ నవ్వరూ?”

సవ్రీగుల్ బాబు నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

“జ్వరమొచ్చింది వీడికి.”

“గది వేడమ్మా అది. పొయ్యి పక్కన పడుకుంటే నీకూ వస్తది.”

నిసో మంచం మీద నీరసంగా లేచి కూర్చుంది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. “కోసెయ్యమ్మా,” అంది. “నీ చేతి మీద నాకు నమ్మకముంది. రేపు ఆ పండగేదో అయిపోతే కిటికీకున్న దుప్పటైనా తీస్తారు.”

సవ్రీగుల్ కత్తెర అందుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. పచ్చరంగు పట్టిన వేళ్ళు దాని కన్నాల్లోకి వాటంతటవే దూరిపోయాయి. కోస్తే ఎవరూ ఏమీ అనరు, పండుగ జరిగిపోతుంది. తర్వాత ఏమైనా చిల్ల దోషమనే అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట కూడా అంతే అన్నారు. కోయనంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఆ ఇంట్లో మళ్ళీ తల ఎత్తుకోలేదు. ఎటు కదిలినా గోడే తగులుతోంది.

బాబు ఏడవబోయి, ఏడ్చే ఓపిక లేక మూలిగాడు. అప్పుడు ఆవిడకు ఒక సంగతి తట్టింది. వీడికింకా కత్తెర తగల్లేదు, ఇస్తాద్‌కూ తగల్లేదు. అయినా అదే ఎరుపు, అదే వేడి. చీము జాడ లేదు. అంటే ఆనాడు కూడా తప్పు కత్తెరది కాదేమో. ఏదో రోగం. రోగమే అయితే దానికో పేరుంటుంది, మందు కూడా ఉండొచ్చు.

ఆవిడ కత్తెరను తిరిగి గిన్నెలో పడేసింది.

“ఫర్రుఖ్ బొడ్డు రాల్లేదు వదినా,” అంది. “నేనే కోశా.”

ఓయ్‌దీన్‌కు ముందు అర్థం కాలేదు. సవ్రీగుల్ అంతా చెప్పింది. అత్తగారు దెప్పిన మాట దగ్గర మొదలుపెట్టి ఇస్తాద్ చెవి మీద మానని గీత దాకా ఏదీ దాచకుండా చెప్పేసింది. ఎప్పుడూ పదిమంది మీద లేచే ఆ గొంతు దీపం శబ్దం కంటే పైకి రాలేదు.

“ముగ్గురికీ ఒకటే వదినా. వీడిది కోసినా, కోయకుండా ఇట్టాగే ఉంచినా పోతాడు. పట్నం తీసుకెళ్ళి రక్తం చూపించాలి. ఇయ్యాలే.”

“ఇన్నేళ్ళు!” అంది ఓయ్‌దీన్. “ఊరందరి మీదా లేస్తది కదే నీ నోరు, దీనికి మాత్రం పెగల్లేదా? నా కొడుక్కి పిల్లనిచ్చేటప్పుడన్నా అనిపించలేదా చెప్పాలని?”

“కత్తెర పాపమనుకున్నా. ఆ పాపం నాతోనే పోతదనుకున్నా.”

నిసో తల్లి మొహం వంక చూడలేదు. గోడ వైపు తిరిగి అడిగింది.

“నాకు ఇద్దరన్నలున్నారా?”

“ఉండేవాళ్ళు తల్లీ.”

“తెలిసే ఇచ్చావా నన్ను?”

“తెలీదమ్మా. నీ మీదొట్టు, తెలీదు.”

నిసో బిడ్డను తన దగ్గరికి లాక్కుంది.

ఓయ్‌దీన్ కత్తెర గిన్నెను కింద పెట్టింది. బయట పొయ్యిల మీద పెద్ద డేగిసాలు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నలభై రోజులు నిండకుండా ఆ ఇంట్లో ఏ బిడ్డా గడప దాటలేదు. ఆవిడ ఆరుగురు పిల్లలూ దాటలేదు. ఆవిడ వంగి, బాబు పొట్టకు తన చెంప ఆనించింది. అలాగే కొంతసేపు ఉండి లేచేసరికి మొహంలో రంగు లేదు.

“షోదీ!” అని ఇల్లు అదిరిపోయేలా అరిచింది. “జీపు తియ్యరా!”

షోదీ గొర్రె నెత్తురు చేతులతోనే గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. “ఏంటమ్మా? ఎక్కడికి? అత్తా, ఏమైంది?”

“పట్నం. దుషాన్బే. చేతులు కడుక్కో ముందు, లేకపోతే మీ అత్త చంపుద్ది నిన్ను.” ఆ పరిస్థితిలో కూడా ఓయ్‌దీన్ నోట ఆ మాట వచ్చింది. తర్వాత బాబును తనే ఉన్ని శాలువాలో చుట్టి, దిండు కింది రొట్టె ముక్కను పొత్తిళ్ళలో దోపింది. కత్తిని నిసో నడుముకు కట్టింది. గడప దగ్గర ఆగి, తనే ముందు కాలు బయట పెట్టింది.

“చిల్ల దాటిస్తంది నేను,” అంది, ఎవరికి వినిపించాలో వాళ్ళకు వినిపించేట్టు. “ఏదన్నా తగిలితే నాకు తగలాల.”

నిసో బిడ్డను అత్త చేతుల్లోంచి తీసుకుని, ఎండలోకి వచ్చి కళ్ళు మూసుకుంది. సవ్రీగుల్ బిడ్డను అందుకుందామని చేతులు చాచింది. నిసో చూడనట్టు పక్కనుంచి వెళ్ళి జీపు ఎక్కింది. విందుకు పిలిచినవాళ్ళకు కబురు చెప్పడానికి ఓయ్‌దీన్ ఇంటి దగ్గరే ఆగింది.

కనుమ దారిలో నాలుగైదు గంటలు. సవ్రీగుల్ వెనక సీట్లో ఓ మూల ముడుచుకుని కూర్చుంది. దారిపొడుగునా ఆవిడ చేసిన పనల్లా నిసో భుజం మీదుగా బాబు ఊపిరి లెక్కపెట్టడం. కనుమ కింది సొరంగంలోకి దిగాక ఆ చీకట్లో ఊపిరి కూడా కనిపించలేదు. పొగ, నీటి చుక్కలు, ముందు పోయే లారీ వెనక దీపాలు. బయటపడేదాకా ఆవిడ తన ఊపిరి బిగబట్టుకునే ఉంది.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో సవ్రీగుల్ కంటే చిన్నది. బొడ్డు చూసి మాట్లాడకుండా రక్తం తీయించింది. గంటన్నరకు కాగితం వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“సూదిమొనంత రక్తంలో తెల్లకణాలు అరవై రెండు వేలున్నాయి, ఉండాల్సినదానికి మూడు రెట్లు,” అంది.

సవ్రీగుల్ తెల్లబోయింది. అవి లేకపోవడం వల్లే చీము పట్టడం లేదని దారంతా అనుకుంటూ వచ్చింది. “అన్నుంటే మరి బొడ్డు దగ్గరికి రావేం తల్లీ?”

“అదేనమ్మా ఈ రోగం. మీరూ నర్సేనన్నారు కాబట్టి చెబుతా. గాయమైన చోటికి ముందు పరుగెత్తుకొచ్చే తెల్లకణాలు క్రిముల్ని తిని అక్కడే చచ్చిపోతాయి. మనం తిట్టుకునే చీమంతా వాటి శవాలే. తర్వాత పెద్ద కణాలొస్తాయి. చచ్చినదంతా మింగి ఊడ్చేసి, కొత్త చర్మం అల్లే కణాల్ని పిలుస్తాయి. ఎండిన బొడ్డుకాడని కొరికి విడదీసేది కూడా ఈ కణాలే. అవి రాకపోతే గాయం మానదు, బొడ్డు రాలదు. మీవాడి కణాలు గాయం పక్కదాకా వస్తున్నాయి. కానీ రక్తనాళం గోడ పట్టుకుని ఆగితేనే సందు చేసుకుని బయటికి రాగలవు. పట్టుకునే కొక్కేలు లేకుండా పుట్టాయవి. అందుకే లోపల్లోపలే తిరుగుతున్నాయి. శరీరం అయ్యో చాలడం లేదని ఇంకా ఇంకా తయారుచేస్తోంది.”

నెల రోజులుగా దుప్పటి బిగించిన ఆ గది సవ్రీగుల్ కళ్ళముందు మెదిలింది. ఇంత ప్రాణిలో, సూదిమొనంత చుక్కకు అరవై రెండు వేల చొప్పున ఇరుక్కుపోయి ఉన్నాయి.

“దోషం తల్లి వైపు నుంచి ఒకటీ, తండ్రి వైపు నుంచి ఒకటీ కలిస్తేనే ఇది వస్తుంది,” అంది డాక్టరమ్మ. “ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్షుంది. వీళ్ళిద్దరూ చుట్టాలా?”

“మా అత్త కూతురే,” అన్నాడు షోదీ.

“బతుకుతాడా?” అని అడిగింది సవ్రీగుల్.

“సూదిమందులతో ఇప్పటి జ్వరం దింపుతాం. నిలబడాలంటే మాత్రం వేరేవాళ్ళ ఎముక మూలుగ ఎక్కించాలి. ఇక్కడ కాదు, హిందుస్తాన్ తీసుకెళ్ళాలి. సరిపోయే మనిషి దొరకాలి. దొరికితే ఆశుంది, లేకపోతే లేదు. మీరు తొందరగా తెచ్చారు, అదొక్కటీ మంచి జరిగింది.”

సవ్రీగుల్ కొంగు కొస వేలికి చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది. “ఒకటి అడుగుతానమ్మా. ఇట్టాంటి బిడ్డకు బొడ్డు... రాలకముందే కోస్తే...”

డాక్టరమ్మకు అర్థమైంది. చాలామంది తల్లుల్ని చూసిన మనిషి. “మీరు కోయకపోయినా దక్కేవాడు కాదమ్మా. ఆ రోజుల్లో ఈ రోగం సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు? చంపింది కత్తెర కాదు.”

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూసింది. ఇప్పుడు విన్నది. ఒళ్ళు తేలికవుతుందనుకుంది, కాలేదు. కత్తెర కాకపోతే రక్తం. ఆ రక్తాన్ని కూతురికి ఇచ్చింది తనే, మేనరికం కలిపి మనవడి దాకా తెచ్చిందీ తనే. ఒక గదిలోంచి విడిపించి పక్క గదిలో పెట్టి గడియ వేసినట్టుంది. మొదటి గదిలో ఒంటరిగా ఉండేది. ఇప్పుడు కూతురు కూడా అదే గదిలో, వీపు తిప్పుకుని కూర్చుని ఉంది.

డాక్టరమ్మ తెల్లకాగితం తీసింది. మూలుగ ఎవరిది సరిపోతుందో చూడటానికి కుటుంబంలో అందరినీ గీయాలట. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు గుండ్రం. పోయినవాళ్ళ గడిని గుర్తుకోసం ఆవిడ నల్లగా నింపుతుంది. షోదీ వైపు ఆరుగురినీ గీసి, సవ్రీగుల్ వైపు తిరిగింది.

“మీకెంతమంది పిల్లలు?”

ఒక్కతే కూతురు. ఆ మాట అలవాటు కొద్దీ నాలుక చివరి దాకా వచ్చింది.

“ముగ్గురు,” అంది సవ్రీగుల్.

డాక్టరమ్మ రెండు చదరాలు గీసి నల్లగా నింపింది. పక్కన ఒక గుండ్రం. గుండ్రం కింద ఇంకో చదరం గీసి, లోపల ఖాళీగా వదిలింది.

“బాబు పేరు?”

షోదీ నీళ్ళు నమిలాడు. “ఇంకా పెట్టలేదండీ. రేపు పండగలో...”

“మా అన్నల పేర్లు మళ్ళీ చెప్పు,” అంది నిసో. పొద్దున ఆ గదిలో అడిగినదాని తర్వాత తల్లితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. మొహం మాత్రం ఇంకా బిడ్డ వైపే ఉంది.

“పెద్దాడు ఫర్రుఖ్.” సవ్రీగుల్ పచ్చటి వేలు రెండో నల్ల చదరం మీదికి జరిగింది. “చిన్నాడు ఇస్తాద్.”

నిసో డాక్టరమ్మ చేతిలో పెన్ను వంక చూసింది.

“ఇస్తాద్ అని రాయండి.”

“వద్దు తల్లీ!” సవ్రీగుల్ లేచి నిలబడింది. “పోయినవాడి పేరే అది. వీడికొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ పేరొద్దు!”

“వాడు నిలవలేదుగా,” అంది నిసో. “వీడన్నా నిలవాలిగా. రాయండి.”

డాక్టరమ్మ రాసింది. తర్వాత తలుపు వైపు చూసి, మూలుగ పరీక్షకు రక్తం ఇచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రమ్మంది. షోదీ చొక్కా చెయ్యి మడుచుకోబోయాడు. నిసో కూడా లేవబోయి, చేతిలో బిడ్డతో ఒక్క క్షణం ఆగింది. ఆపైన తల్లి దగ్గరికొచ్చి, ఆవిడ మొహం వంక చూడకుండానే, బాబును ఆవిడ చేతుల్లో పెట్టింది.

“పట్టుకో,” అంది. “నేనెళ్ళి ఇచ్చొస్తా.”